జేబులో పట్టే రెండు కెమెరాల్లో ఏది కొనాలో తేల్చుకోవడం ఎలా?

ముందే ఒక మాట చెప్పుకుందాం. ఈ నాలుగైదేళ్లలో కొన్న ఓ మాదిరి మంచి ఫోన్ మీ దగ్గరుంటే, జేబులో పట్టే చిన్న కెమెరా దానికన్నా గొప్పగా తీస్తుందని ఆశ పెట్టుకోవద్దు. పగటి వెలుతురులో, నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషిని తీయడానికి ఫోనే మేలు. చిన్న కెమెరా కొనడానికి గట్టి కారణాలు రెండే. ఒకటి, లోపలి అద్దాలు కదిలి దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చే అసలైన జూమ్. రెండు, ఫోన్‌లోని ఎల్‌ఈడీ లైటులా కాకుండా క్షణంలో భగ్గున వెలిగి ఆరిపోయే అసలైన ఫ్లాష్. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వడం ఇష్టం లేక కెమెరా కొనే అమ్మానాన్నలు కూడా ఉన్నారు, అదీ న్యాయమే. పాత సీసీడీ కెమెరాల (సీసీడీ అంటే పాతతరం సెన్సార్) రంగులు ఇన్‌స్టాలో చూసి వెతుక్కునే కాలేజీ పిల్లలకి మాత్రం నేను చెప్పేదేమీ లేదు. వాళ్లకి కావలసింది ఆ రంగే, లెక్కలు కాదు.

వీటిలో ఏ కారణమూ మీది కాకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. మీదైతే ముందుకెళ్దాం.

మాట్లాడుకోవడానికి వీలుగా రెండు మోడళ్లు ఎదురెదురుగా పెట్టుకుందాం. సోనీ సైబర్‌షాట్ డబ్ల్యూ830, కెనాన్ ఇక్సస్ 285 హెచ్‌ఎస్. మొదటిది 2014లో వచ్చింది, రెండోది 2016లో. రెండూ చొక్కా జేబులో పడతాయి, రెండూ ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే ఎదురుపడతాయి. మీరు చూస్తున్న జత వేరే అయినా పద్ధతి ఇదే.

ముందు చీటీ రాయండి

కెమెరా పేర్ల జోలికి పోకముందే, మీరు తీయబోయే అయిదు ఫొటోలు కాగితం మీద రాసుకోండి. "మంచి ఫొటోలు కావాలి" అని రాస్తే లాభం లేదు. ఎవరిని, ఎంత దూరం నుంచి, ఏ వెలుతురులో అనేది ఉండాలి. నెల్లూరులో ఒక ఇంటి చీటీ ఇలా ఉండొచ్చు:

రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో దిగి రొట్టె మార్చుకుంటున్న అమ్మని చెరువు కట్ట మీద నుంచి తీయాలి. ఇంట్లో హాలు గోడకి ఆనుకుని నిలబడి ఇంటిల్లిపాదినీ ఒకే ఫొటోలో పట్టాలి. రాత్రి రిసెప్షన్‌లో స్టేజీ కింది నుంచి పెళ్లికూతురి ముఖం తీయాలి. పాప స్కూల్ యానివర్సరీ డాన్సు వీడియో తీయాలి. మైపాడు బీచ్‌లో పొద్దు గూకే వేళ నలుగురం కలిసి దిగాలి.

ఒంగోలు వైపు వాళ్లయితే ఇందులో బండలాగుడు పోటీ కూడా చేరుతుంది. ఆ గిత్తలు ఊపందుకున్నాక ఒక్క ఫొటోతో పని జరగదు, వరసగా నాలుగైదు పడాలి.

ఇప్పుడు ప్రతి ఫొటో పక్కనా దానికి కెమెరాలో ఏం కావాలో రాయండి. చెరువు కట్ట ఫొటోకి పొడవైన జూమ్. హాలు ఫొటోకి వెడల్పుగా చూసే లెన్సు. రిసెప్షన్‌కి ఫ్లాష్. డాన్సుకి మసక వెలుతురులో నిలబడే వీడియో. గిత్తలకి వేగం. అయిదింటిలో మీకు ముఖ్యమైన రెండింటికి టిక్కు పెట్టుకోండి. అన్నీ ఒకేలా ముఖ్యం అంటే ఏ కెమెరా ఎంచుకోవడమూ కుదరదు.

డబ్బా మీది అంకెల్లో పనికొచ్చేవి ఏవి

మెగాపిక్సెళ్లు పక్కన పెట్టేయండి. సోనీది 20.1, కెనాన్‌ది 20.2. అది ఎలాగూ సమానమే. మీ జతలో ఒకటి 16, ఇంకొకటి 20 అయినా కంగారు పడొద్దు. స్టూడియోలో కడిగించే 6×4 అంగుళాల ప్రింటుకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన 1800×1200 చాలు, అంటే రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు. ఏ4 సైజుకి తొమ్మిదిలోపే. పెళ్లి ఆల్బంలో 12×18 పేజీ నిండా ఒకే ఫొటో పరిస్తే తప్ప 19 దాకా పోదు. జేబు కెమెరాతో తీసిన ఫొటోని అంత పెద్దగా వేసేదెవరు?

చూడాల్సింది సెన్సార్ సైజు, అంటే లెన్సు వెనక వెలుతురుని ఫొటోగా మార్చే చిప్పు ఎంత పెద్దదనేది. డబ్ల్యూ830కీ ఇక్సస్‌కీ సెన్సార్ 1/2.3 అంగుళాల రకం, కొలిస్తే దాదాపు 6.2×4.6 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. వెలుతురు పట్టుకునేది ఆ కాస్త చోటే. అందుకే చీకటి పడ్డాక ఈ తరగతి కెమెరాలన్నీ తడబడతాయి. ఒక అంగుళం రకం సెన్సార్ అంటారే, అది నిజానికి అంగుళం ఉండదు, 13.2×8.8 మిల్లీమీటర్లు ఉంటుంది. అయినా పై దానికన్నా వైశాల్యంలో నాలుగు రెట్లు. సోనీ ఆర్‌ఎక్స్100, కెనాన్ జీ9 ఎక్స్ మార్క్ 2 ఆ తరగతివి. మీరు పోల్చే రెండూ ఒకే సెన్సార్ సైజువైతే ఈ గడి ఇక్కడితో వదిలేయండి. ఒకటి చిన్నది, ఇంకొకటి పెద్దది అయితే మాత్రం మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

తర్వాత జూమ్. ఇక్కడే ఎక్కువ మంది బోల్తా పడతారు. 8ఎక్స్ కన్నా 12ఎక్స్ గొప్ప అనుకుని ఊరుకోకండి, ఆ ఎక్స్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అడగండి. డబ్ల్యూ830 లెన్సు, ఫిల్మ్ కెమెరా లెక్కలో, 25 నుంచి 200 మి.మీ. ఇక్సస్‌ది 25 నుంచి 300. కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జడ్55 తీసుకుంటే 28 నుంచి 140. మొదటి అంకె ఎంత తక్కువైతే అంత వెడల్పుగా కనబడుతుంది. 25కీ 28కీ తేడా కాగితం మీద చిన్నదే గానీ, పది అడుగుల హాల్లో గోడకి వీపు ఆనించాక చివర కూర్చున్న మామయ్య ఫొటోలో ఉంటాడా, సగం తెగిపోతాడా అనేది అక్కడే తేలుతుంది. రెండో అంకె చెరువు కట్ట కోసం. 300 దగ్గర అమ్మ ముఖం, 200 దగ్గర కన్నా ఒకటిన్నర రెట్లు పెద్దగా పడుతుంది. డిజిటల్ జూమ్ అని రాసిన అంకెని అసలు చదవొద్దు. అది ఉన్న ఫొటోని కత్తిరించి సాగదీయడం, ఆ పని ఇంటికొచ్చి మీరూ చేసుకోవచ్చు.

జూమ్ పక్కనే చిన్న అక్షరాల్లో ఎఫ్ అని ఉంటుంది, లెన్సు చుట్టూ కూడా ముద్రిస్తారు. సోనీది 3.3–6.3, కెనాన్‌ది 3.6–7.0. ఈ అంకె పెరిగే కొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. వెడల్పు కొసన 3.6 ఉన్న లెన్సు, పూర్తిగా జూమ్ చేసి 7.0కి చేరేసరికి వెలుతురు ఇంచుమించు నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే ఇక్సస్ 12ఎక్స్ జూమ్ పగటిపూట చెరువు దగ్గర పనికొస్తుంది గానీ రాత్రి ఫంక్షన్ హాల్లో కాదు. అక్కడ జూమ్ చేస్తే ఫొటో కదిలిపోవడమో, చుక్కలు చుక్కలుగా రావడమో ఖాయం. నాలుగడుగులు ముందుకెళ్లి, జూమ్ మానేసి, ఫ్లాష్ కొట్టడమే మంచిది. ఆర్‌ఎక్స్100 లెన్సు 1.8 దగ్గర మొదలవుతుంది, రిసెప్షన్ ఫొటోలే మీకు ముఖ్యమైతే దాని వైపు మొగ్గేది అందుకే. అయితే అది 28 నుంచి 100 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. చెరువు కట్ట మీద నుంచి అమ్మ చిన్నగానే కనబడుతుంది.

మిగతావి గబగబా చూసేద్దాం. వీడియో సోనీలో 720 లైన్లే, కెనాన్‌లో 1080. టీవీలో చూస్తే తేడా తెలుస్తుంది. ఫోన్‌కి ఫొటోలు పంపే వైఫై కెనాన్‌లో ఉంది, ఈ సోనీలో లేదు, కార్డు రీడర్ కొనుక్కోవాలి. వరస ఫొటోలు సోనీలో సెకనుకి ఒకటి కూడా పూర్తిగా పడదు, కెనాన్‌లో రెండున్నర. గిత్తల కోసమైతే సోనీ మాట మరిచిపోండి. బ్యాటరీ కంపెనీల లెక్కలో సోనీ సుమారు 210 ఫొటోలు, కెనాన్ 180. రెండిటికీ ఒక్క బ్యాటరీతో ఒక ఫంక్షన్ గట్టెక్కదు, అదనపు బ్యాటరీ ఖర్చు ముందే ధరలో కలుపుకోండి. బరువు సోనీ 122 గ్రాములు, కెనాన్ 147, ఆర్‌ఎక్స్100 అయితే 240. మందం కూడా చూడండి. మొదటి రెండూ 23 మిల్లీమీటర్లలోపు, ఆర్‌ఎక్స్100 దాదాపు 36. చొక్కా జేబుకి అది ఎత్తుగా తెలుస్తుంది.

మోడల్ పేరు చివరి అక్షరం దాకా చదవడం మరవొద్దు. 2025లో కెనాన్ ఇదే ఇక్సస్ 285 హెచ్‌ఎస్‌ని పేరు చివర ఏ అక్షరం చేర్చి మళ్లీ తెచ్చింది. చూడటానికి ఒకేలా ఉంటాయి. కానీ పాతది మామూలు ఎస్‌డీ కార్డుది, కొత్తది మైక్రో ఎస్‌డీది.

కౌంటర్ దగ్గర

నెల్లూరు ట్రంకురోడ్డు మీద గానీ, ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ ఏ షాపుకి వెళ్లినా ఇప్పుడు ముందు వరసలో ఉండేవి ఫోన్లే. మీరు అడిగే రెండు చిన్న కెమెరాలూ ఒకే కౌంటర్ మీద దొరకడం అదృష్టం. అందుకని ముందు ఫోన్ చేసి, డబ్బా విప్పి చూపించే పీస్ ఉందా అని అడగండి. లేకపోతే చుట్టాల్లో, స్నేహితుల్లో ఆ మోడల్ ఎవరి దగ్గరుందో కనుక్కుని ఒక పూట అడిగి తెచ్చుకోండి. మొహమాటం అక్కర్లేదు. చెన్నై రిచీ స్ట్రీట్ దాకా వెళ్లేవాళ్లు ఎలాగూ పొద్దున్నే రైలెక్కుతారు, వాళ్లూ ఈ పనులే అక్కడ చేయాలి.

మీ సొంత ఎస్‌డీ కార్డు, 16 జీబీది, ఖాళీ చేసి తీసుకెళ్లండి. "అన్నా, రెండూ కాసేపు ఇట్టా పెట్టు, నా కార్డు వేసి నాలుగు ఫొటోలు తీసుకుంటా" అంటే ఎవరూ కాదనరు. కాదంటే ఇంకో షాపు చూసుకోండి.

కెమెరా వెనక స్క్రీన్ చూసి మాత్రం తీర్పు చెప్పొద్దు. డబ్ల్యూ830 స్క్రీన్ 2.7 అంగుళాలది, 2.3 లక్షల చుక్కలు. ఇక్సస్‌ది 3 అంగుళాలది, 4.6 లక్షలు. అదే ఫొటో కెనాన్ తెర మీద నిగనిగలాడుతుంది, సోనీ తెర మీద నీరసంగా ఉంటుంది. మీరు పోల్చింది తెరల్నే అవుతుంది, ఫొటోల్ని కాదు.

రెండు కెమెరాల్లోనూ మోడ్‌ని ప్రోగ్రాం ఆటోలో పెట్టండి, అందులో కొన్ని సెట్టింగులు మీరే మార్చుకోవచ్చు. ఫొటో సైజు పెద్దది, డిజిటల్ జూమ్ ఆఫ్. ఒక్కో కెమెరాతో మొదట దాని డబ్బాని ఒక ఫొటో తీస్తే, ఇంటికెళ్లాక ఏవి దేనివో కలగాపులగం కావు. తర్వాత ఇవి తీయండి.

షాపు గుమ్మంలో నిలబడి రోడ్డుకి అవతల ఉన్న బోర్డు, పూర్తి జూమ్‌తో. బోర్డు చివర ఉండే చిన్న ఫోన్ నంబరు మీ పరీక్ష. అదే బోర్డు రెండో కెమెరాతో కూడా, కానీ ఈసారి రెండు సార్లు. ఒకటి మొదటి కెమెరాలో ఎంత సైజులో పడిందో అంతే సైజులో, ఇంకొకటి దాని కొస దాకా జూమ్ చేసి. సమానమైన సైజులో ఎవరు బాగా తీశారన్నది ఒక ప్రశ్న, ఎవరు ఎంత దూరం వెళ్లగలరన్నది వేరే ప్రశ్న. రెంటినీ కలిపేస్తే ఎప్పుడూ పెద్ద జూమ్ ఉన్నదే గెలిచినట్టుంటుంది.

ఇప్పుడు కింద చూడండి. మన జిల్లాల్లో చాలా షాపుల కౌంటర్లు చీమకుర్తి నల్ల గ్రానైటువే. అందులో బ్లాక్ గెలాక్సీ అనే రకం అయితే మీ పంట పండినట్టే. నల్లటి రాయిలో బంగారు రంగు రజను మెరుస్తూ ఉంటుంది కదా, కెమెరాని నిలదీయడానికి అంతకన్నా మంచి వస్తువు నాకు తెలియదు. ట్యూబులైటు ప్రతిబింబం పడని చోటు చూసుకుని ఒక పది రూపాయల బిళ్ల పెట్టండి, ఫోకస్ దాని మీద పడుతుంది. ఒక అడుగు ఎత్తు నుంచి, మోచేతులు కౌంటర్‌కి ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి తీయండి. ఫ్లాష్ వద్దు. వెలుతురుకి కెమెరా ఎంత ఎక్కువగా స్పందించాలో చెప్పే అంకె ఐఎస్‌ఓ. మొదట ఐఎస్‌ఓ 100లో, తర్వాత అదే చోటు 800లో, ఆ తర్వాత 1600లో. 100లో ప్రతి మెరుపూ దేనికది విడిగా కనబడుతుంది, చిన్నదీ పెద్దదీ తేడా తెలుస్తుంది. 1600కి వచ్చేసరికి రెండిట్లో ఒకటి జరుగుతుంది. కెమెరా చుక్కల్ని తుడవబోయి చిన్న మెరుపుల్ని కూడా తుడిచేసి, రాయిని తారు రోడ్డులా చేస్తుంది. లేదంటే రాయిలో లేని ఎరుపు, నీలం చుక్కల్ని చల్లుతుంది. ఏ కెమెరా ఏ ఐఎస్‌ఓ దాకా నిజం చెబుతోందో మీ కళ్లతోనే తెలుస్తుంది. రిసెప్షన్ హాల్లో పెళ్లికూతురి చీర జరీకి పట్టే గతి కూడా ఇదే.

మూడోది మనిషి ముఖం. మీతో వచ్చినవాళ్లని షాపు లోపల, రోడ్డు వెలుతురుకి దూరంగా నిలబెట్టి ఫ్లాష్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీయండి. ఎనిమిది, పది అడుగుల దూరంలో ఫ్లాష్ అందుతోందా, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడుతోందా చూడండి. మన చామనచాయని పసుపుగానో బూడిదగానో మార్చే కెమెరాలు ఉంటాయి. వెంకటగిరి చీర కట్టుకున్నవాళ్లు పక్కనుంటే ఇంకా మంచిది, అంచు జరీ, ముదురు ఎరుపు రెండూ ఒకేసారి తేలిపోతాయి.

చివరగా ఇరవై సెకన్ల వీడియో. నడుస్తూ, మధ్యలో ఒకసారి జూమ్ చేస్తూ తీయండి. జూమ్ మోటారు చప్పుడు వీడియోలో ఎంత వినబడుతుందో ఇంటికెళ్లి వినండి. సీసీడీ సెన్సార్ ఉన్న డబ్ల్యూ830 లాంటి వాటిని ఒకసారి వెలుగుతున్న బల్బు వైపు తిప్పి చూడండి. బల్బు మీదుగా పైనుంచి కిందికి ఒక గీత పడొచ్చు. సీరియల్ సెట్లు వేసిన మండపం ముందు ఇది చికాకు పెడుతుంది.

చేతిలో పట్టుకోవడం గురించి ఒక్క వాక్యం: మీ ఇంట్లో ఎక్కువగా వాడబోయేది ఎవరైతే వాళ్ల చేత నొక్కించండి, మీరు కాదు.

ఇంటికొచ్చాక

కార్డు లాప్‌టాప్‌లో పెట్టి, రెండు కెమెరాల ఫొటోలూ రెండు ఫోల్డర్లలోకి విడగొట్టండి. లాప్‌టాప్ లేకపోతే పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టినా చాలు. ముందు మామూలుగా, తెర నిండా ఒక్కసారి చూడండి. అప్పుడే తేడా కొట్టొచ్చినట్టు కనబడితే ఇక వెతకొద్దు, పని అయిపోయింది. కనబడకపోతే నూరు శాతం సైజుకి పెంచి ఫోన్ నంబరు, రాయి మెరుపులు, కళ్ల రెప్పలు చూడండి. మధ్యలోనే కాదు, నాలుగు మూలలూ చూడాలి. ఈ చిన్న లెన్సులు మూలల దగ్గర మెత్తబడతాయి. ఒక మూల మాత్రమే మిగతా మూడింటికన్నా మసకగా ఉంటే అది ఆ మోడల్ గుణం కాదు, ఆ పీసులో లెన్సు వంకర.

ఇప్పుడు చీటీ తీయండి. టిక్కు పెట్టిన రెండు ఫొటోలకి ఎవరు గెలిచారో అంతవరకే లెక్క. నా మటుకు నేను చెప్పాలంటే, ఈ రెండింట్లో ఇక్సస్‌దే పైచేయి. జూమ్, వీడియో, వైఫై మూడూ దాని వైపే ఉన్నాయి. డబ్ల్యూ830 బాగా చౌకగా, మంచి స్థితిలో దొరికి, పదేళ్ల పిల్లాడి చేతికి ఇవ్వడానికైతే దాన్ని తీసుకోండి. ఇక్సస్‌కి అడిగే ధర కాస్త అటూఇటుగా పాత ఆర్‌ఎక్స్100 ధరకి చేరుతుంటే మాత్రం, దూరపు ఫొటోలు మీ చీటీలో లేనంతవరకు, ఆర్‌ఎక్స్100 వైపే వెళ్లండి. శ్రీహరికోట షార్ నుంచి రాత్రిపూట లేచే రాకెట్‌ని మిద్దె మీద నుంచి వెలుగు గీతలా పట్టాలన్న సరదా ఉన్నవాళ్లకీ అదే నయం, షట్టర్‌ని సెకన్ల తరబడి తెరిచి ఉంచే మాన్యువల్ మోడ్ అందులో ఉంది.

సెకండ్ హ్యాండ్ అయితే

"బ్యాటరీ లేదు గానీ కెమెరా కండిషన్‌లో ఉంది" అన్నవాళ్లకి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆన్ కాని కెమెరాకి ధర లేదు.

ఆన్ చేసి, ఆఫ్ చేసి, లెన్సు బయటికొచ్చే శబ్దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఒకే తీరుగా ఉండాలి. గరగర వినబడితే లోపల ఇసుక. మైపాడు బీచ్‌కో కొత్తపట్నం బీచ్‌కో తీసుకెళ్లి తువ్వాల్లో చుట్టి తెచ్చిన కెమెరాలకి వచ్చే జబ్బు ఇది. కొన్నాళ్లకి లెన్సు సగంలో ఇరుక్కుని, తెర మీద లెన్స్ ఎర్రర్ అని వస్తుంది. దాన్ని బాగుచేయించే ఖర్చుకి ఇంకో పాత కెమెరా వచ్చేస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్నవాటికి ఇంకో చిక్కు, బూజు. ఫోన్ టార్చి లెన్సులోకి పక్క నుంచి వేసి, సాలెగూడు లాంటి తెల్లని పోగులు ఉన్నాయేమో చూడండి. ఉంటే వద్దు.

తెల్ల గోడని పూర్తి జూమ్‌లో తీసి బూడిద మచ్చలు వెతకండి. అవి సెన్సార్ మీది దుమ్ము. పెద్ద కెమెరాల్లోలా లెన్సు ఊడదీసి తుడవడం ఇందులో కుదరదు. అరచేయి లెన్సుకి అడ్డం పెట్టి, ఫ్లాష్ ఆపేసి ఒకటి తీస్తే చెడిపోయి ఎప్పుడూ వెలుగుతూనే ఉండే పిక్సెళ్లు మెరిసే చుక్కలుగా దొరికిపోతాయి. బ్యాటరీ ఉబ్బిందా, దాని మూత గట్టిగా పడుతోందా చూడండి. చార్జర్, కేబుల్ ఒరిజినల్‌వి ఉన్నాయా అడగండి. ఈ పాత కెమెరాల పిన్నులు ఇప్పటి ఫోన్ చార్జర్లకి సరిపోవు.

మరీ పాత మోడల్ అయితే కార్డు ఏ రకమో కనుక్కోండి. పాత ఒలింపస్, ఫ్యూజీలకి ఎక్స్‌డీ కార్డు, పాత సోనీలకి మెమొరీ స్టిక్ కావాలి. కెమెరా చౌకగా వస్తుంది, కార్డు దొరకదు. 2006కి ముందు వచ్చిన చాలా కెమెరాలు రెండు జీబీకి మించిన ఎస్‌డీ కార్డుని చదవవు. జపాన్ నుంచి వచ్చిన సోనీ అయితే మెనూలోకి వెళ్లి భాష మార్చి చూడండి. అక్కడ అమ్మకానికి చేసిన సోనీల్లో మామూలుగా జపనీస్ ఒక్కటే ఉంటుంది, ఇంగ్లిష్ పెట్టించడానికి మీటలేవీ ఉండవు.

బిల్లు

కొత్తదైతే బిల్లు తప్పనిసరి. డిజిటల్ కెమెరాల మీద జీఎస్‌టీ 18 శాతం. "బిల్లు వద్దంటే తగ్గిస్తా" అనే మాట వెనక ఉన్నది ఇదే. అలా తగ్గించిన డబ్బుతో పాటు వారంటీ కూడా పోతుంది. డబ్బా మీద ఎంఆర్‌పీ, దిగుమతి చేసుకున్న సంస్థ పేరు, మన దేశపు చిరునామా ముద్రించి ఉండాలి. అవి లేని డబ్బా వేరే దేశంలో అమ్మాల్సిన సరుకు, ఇక్కడి సర్వీస్ సెంటర్ దాన్ని ముట్టుకోకపోవచ్చు. కెమెరా అడుగున ఉన్న సీరియల్ నంబరు, డబ్బా మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటేనా చూసుకుని అప్పుడే డబ్బులివ్వండి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే డబ్బా విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా ఫోన్‌తో వీడియో తీయండి. రిప్లేస్‌మెంట్‌కి ఎన్ని రోజుల గడువో ముందే చదివి పెట్టుకుని, పైన చెప్పిన బోర్డు, గ్రానైటు, ముఖం, వీడియో పరీక్షలన్నీ ఆ లోపలే చేసేయండి. గడువు దాటే వరకు డబ్బా, లోపలి అట్టముక్కలు, ప్లాస్టిక్ కవర్లు ఏవీ పాత సామాన్లవాడికి వేయొద్దు.